కిలో ఎంత పడుతుందో కనబడనివ్వండి

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,



డబ్బు ఆదా చేసుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళకు ఈ రోజుల్లో కరువు లేదు. బయట కాఫీ మానెయ్యమంటారు, సినిమాలు తగ్గించమంటారు, జీతం పడగానే ఇరవై శాతం పక్కన పెట్టమంటారు. నెల మొదటివారంలో సరుకుల చీటీ పట్టుకుని పచారీ కొట్టు ముందు నిలబడే మనిషికి ఈ సలహాలు పెద్దగా అక్కరకు రావు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే లెక్క ప్రకారం పల్లెటూళ్ళలో నెల ఖర్చులో దాదాపు 46 శాతం, పట్టణాల్లో 39 శాతం తిండికే పోతోంది. సబ్బులు, బట్టల పౌడరు, పేస్టు, కొబ్బరినూనె ఇవన్నీ దానికి అదనం. అంటే మామూలు సంసారంలో నాలుగు డబ్బులు మిగలాలంటే అవి మిగలాల్సింది ఈ సరుకుల దగ్గరే. ఆ సరుకుల ప్యాకెట్ల మీద ఏం రాయాలో, ఎలా రాయాలో నిర్ణయించేది మీ శాఖ. అందుకే ఈ ఉత్తరం బ్యాంకుల పెద్దలకో, ఆర్థిక మంత్రిగారికో కాకుండా మీకు రాస్తున్నాను.

నేను తెనాలిలో ఉంటాను. మా ఇంటి నెల సరుకుల చీటీ రాసేదీ, తెచ్చేదీ, చివరికి లెక్క చూసేదీ నేనే. చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ సరుకైనా కిలో ఎంత పడుతోందో, లీటరు ఎంత పడుతోందో చూసుకుని కొనడాన్ని మించిన తేలికైన పొదుపు లేదు. కడుపు మాడ్చుకోనక్కర్లేదు, సరదాలు చంపుకోనక్కర్లేదు. మా అమ్మలూ అమ్మమ్మలూ చేసింది ఇదే. సంతలో బేరమాడేటప్పుడు వాళ్ళ మొదటి ప్రశ్న ‘కిలో ఎంత?’ అనే. ఇవాళ సూపర్ మార్కెట్‌లో ఆ ప్రశ్నకు జవాబు దొరకడం లేదు. దానికి మీ నిబంధనల్లో మిగిలిపోయిన కొన్ని సందులే కారణం.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో రెండో షెడ్యూలు అని ఒకటి ఉండేది. వంటనూనె, టీపొడి, బిస్కెట్లు, సబ్బులు, ఉప్పు, పప్పులు ఇలాంటి 19 రకాల సరుకుల్ని ఏయే తూకాల్లో ప్యాక్ చెయ్యాలో అందులో రాసి ఉండేది. అందుకే రెండు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కన పెడితే ఏది చవకో బడికెళ్ళే పిల్ల కూడా చెప్పేసేది. 2021 నవంబరులో ఆ షెడ్యూలు ఎత్తేస్తూ సవరణ తెచ్చారు. ఎవరికి తోచిన తూకంలో వాళ్ళు ప్యాక్ చేసుకోవచ్చన్నారు. దానికి బదులుగా ప్రతి ప్యాకెట్ మీదా యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో, ముద్రించాలన్నారు. గడువులు పొడిగించుకుంటూ వచ్చి 2024 జనవరి 1 నుంచి అది తప్పనిసరి చేశారు. ఆలోచన మంచిదే. గృహిణి చెయ్యాల్సిన భాగహారం కంపెనీ చేతే చేయిస్తానన్నారు. అంతవరకూ బాగానే ఉంది. అమలు దగ్గరే చిక్కు.

ఏ సూపర్ మార్కెట్‌లోనైనా నూనె ప్యాకెట్ల అర ముందు ఒకసారి నిలబడి చూడండి. ఒక కంపెనీది లీటరు ప్యాకెట్, తూకం 910 గ్రాములు. పక్కనే ఉన్నది చూడ్డానికి అంతే ఉంటుంది, పట్టుకుంటే అంతే ఉంటుంది, తిప్పి చూస్తే 850 గ్రాములు. మూడోది 750. యూనిట్ ధర కోసం వెతికితే అది ప్యాకెట్ ముందువైపు ఉండదు. వెనకాల, అంచు అతికించిన మడత దగ్గర, బ్యాచ్ నంబరూ తయారీ తేదీలతో కలిపి, చుక్కలు చుక్కలుగా కొట్టిన ఇంకులో ‘యూఎస్‌పీ’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాల పక్కన నక్కి ఉంటుంది. నూనె చేత్తో రెండుసార్లు పట్టుకుంటే చెరిగిపోయేదీ అదే. కళ్ళజోడు సవరించుకుని చూస్తే 0.18 అని ఉంటుంది. గ్రాముకు పద్దెనిమిది పైసలన్నమాట. గ్రాముల లెక్కన నూనె కొనేవాళ్ళు ఈ దేశంలో ఎవరైనా ఉన్నారా?

ఇక అసలు తిరకాసు చెబుతాను. మీ నిబంధన ప్రకారం కిలో కంటే తక్కువ ఉన్న ప్యాకెట్‌కు గ్రాము ధర, కిలో కంటే ఎక్కువ ఉన్నదానికి కిలో ధర వెయ్యాలి. దాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరించాలి. చదవడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. లెక్క వేసి చూడండి. 850 గ్రాముల నూనె ప్యాకెట్ 149 రూపాయలనుకుందాం. 750 గ్రాములది 138 రూపాయలనుకుందాం. మొదటిది కిలో 175 రూపాయల 29 పైసలు పడుతుంది. రెండోది 184 రూపాయలు పడుతుంది. కిలోకు దాదాపు తొమ్మిది రూపాయల తేడా. గ్రాము ధరగా మార్చి రెండు అంకెలకు సవరిస్తే రెండింటి మీదా ఒకటే అంకె పడుతుంది, 0.18. తేడా మాయం! పైపెచ్చు 138 అంకె కంటికి చిన్నగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి దానివైపే పోతుంది. నెలకు నాలుగు కిలోల నూనె వాడే ఇంటికి ఈ ఒక్క సరుకు మీదే నెలకు 35 రూపాయలు, ఏడాదికి 400 పైన పోతుంది.

చవక సరుకుల్లో ఇది ఇంకా ఘోరం. అరకిలో బొంబాయి రవ్వ ఒక కంపెనీది 33 రూపాయలు, ఇంకో కంపెనీది 37 అనుకోండి. కిలో 66, కిలో 74 అన్నమాట. గ్రాము ధరగా రెండింటి మీదా 0.07 అనే ఉంటుంది. గ్రాము దగ్గర ఒక్క పైసా అటూ ఇటూ అయితే కిలో దగ్గర పది రూపాయలవుతుంది. పది రూపాయల వరకూ తేడాను దాచిపెట్టే అంకెను వినియోగదారుడి మేలు కోసమే ముద్రించామంటే ఎలా నమ్మేది?

రెండో తిరకాసు కూడా ఇక్కడే ఉంది. బట్టల పౌడరు 900 గ్రాముల ప్యాకెట్ మీద 0.19 అని ఉంటుంది. అదే కంపెనీ కిలోన్నర ప్యాకెట్ మీద 189.33 అని ఉంటుంది. ఒకటి గ్రాముకు, ఒకటి కిలోకు. ఏది చవకో తెలియాలంటే కొట్టులో నిలబడి వెయ్యితో గుణించాలి. గుణించినా సరైన జవాబు రాదు, ఎందుకంటే ఆ 0.19 ముందే సవరించిన అంకె. 1956లో తూనికలు, కొలతల చట్టం తెచ్చి సోలలూ తవ్వలూ మానికలూ, శేర్లూ వీశెలూ అన్నింటినీ పక్కనపెట్టి దేశమంతటికీ ఒకే కిలో, ఒకే లీటరు అలవాటు చేసిన ప్రభుత్వం ఇది. ఒకే అరలో ఉన్న ఒకే సరుకుకు రెండు రకాల ధర కొలతలు ఎందుకు పెట్టినట్టు?

ఇలాంటి చిన్న తేడాలు మీ శాఖకు పట్టవని నేననను. 2022 ఆగస్టులో మీరే నూనె కంపెనీలకు గట్టిగా చెప్పారు. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది కాబట్టి కొందరు 60 డిగ్రీల దగ్గర లీటరు అని రాసి, తూకంలో తక్కువ పోస్తుండేవారు. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుందని లెక్క కట్టి చూపించారు. ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా కొలతా, దానితోపాటు తూకమూ రాయమన్నారు. లీటరు మీద 26 గ్రాములు పోతున్నాయని పట్టుకున్న శాఖకు కిలో మీద తొమ్మిది రూపాయలు ఎలా పోతున్నాయో చూడటం కష్టం కాకూడదు.

ఇదంతా సర్దుకునేలోపు మేం చేతులు కట్టుకుని కూర్చోవడం లేదు. మా వీధిలో పదిమందీ వాడే లెక్క ఒకటుంది. ఈ ఉత్తరం చదివే తోటి ఇల్లాళ్ళకూ, ఇంటి సరుకులు తెచ్చే మగవాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను. గ్రాము ధర జోలికి పోవద్దు. ఎంఆర్‌పీ చూడండి, తూకం చూడండి. 200 గ్రాములైతే ధరను ఐదుతో, పావుకిలో అయితే నాలుగుతో, అరకిలో అయితే రెండుతో గుణించండి. 750 గ్రాములైతే ధరకు అందులో మూడోవంతు కలపండి. 138కి 46 కలిపితే 184, అదే కిలో ధర. 800 గ్రాములైతే పావువంతు, 900 అయితే తొమ్మిదోవంతు కలపండి. 850, 870 లాంటి వంకర అంకెలు వచ్చినప్పుడు మాత్రం ఫోను తీసి, ధరను గ్రాములతో భాగించి వెయ్యితో గుణించండి. ఎప్పుడూ కొనే సరుకుల కిలో ధరలు చీటీ వెనకాల రాసి ఉంచుకుంటే వచ్చే నెల ‘స్పెషల్ ఆఫర్’ బోర్డు చూసినప్పుడు అది నిజంగా ఆఫరో, పెంచి తగ్గించిందో అక్కడికక్కడే తేలిపోతుంది. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే, అంతకే అమ్మాలని కాదు. మా కొట్టాయన నెల సరుకులన్నీ ఒకేసారి తీసుకుంటే చాలావాటి మీద తగ్గించే ఇస్తాడు. అడగాలంతే.

పెద్ద ప్యాకెట్ కొంటే చవకన్న నమ్మకం కూడా ఈ లెక్క ముందు ప్రతిసారీ నిలబడదు. షాంపూనే తీసుకోండి. చాలా కంపెనీలది సీసాలో కంటే రూపాయి, రెండు రూపాయల సాచెట్‌లోనే చవక పడుతుంది. కాఫీపొడి, పళ్ళపేస్టు దగ్గరికొస్తే ఇది తలకిందులు కావచ్చు. ఏది ఎలా ఉందో ప్యాకెట్ మీద రాసి ఉంటే ఊహించుకునే పని ఉండదు. ఇక్కడే మీ నిబంధనల్లో ఇంకో సందు ఉంది. 10 గ్రాములు, 10 మిల్లీలీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న ప్యాకెట్లకు అసలు ఆ నిబంధనలే వర్తించవు. మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే అక్క ఏ రోజు సంపాదన ఆ రోజు సరుకులకు వాడుకుంటుంది. నెల సరుకులు ఒకేసారి తెచ్చుకునే వీలు ఆమెకు లేదు. ఆమె కొనేది చిన్న పొట్లాలే. అవసరం ఎక్కువున్న మనిషికే సమాచారం తక్కువ దొరకడం ఏ రకం న్యాయం? ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర ఏళ్ళ తరబడి ఐదు రూపాయలే ఉంది, లోపలి బిస్కెట్లు మాత్రం చిక్కిపోతూ వచ్చాయి. పిల్లవాడి చేతిలో ఐదు రూపాయల బిళ్ళ పెట్టి పంపే తల్లికి పెరిగిన ధర ఎక్కడ కనబడుతుంది? ప్యాకెట్ మీద కిలో ధర ఉంటే అక్కడ కనబడుతుంది.

తూకాల వెనక పన్నుల కథ కూడా ఉంది. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండ్లు 25 కిలోల వరకూ ఉంటే ఐదు శాతం జీఎస్టీ పడుతోంది. దాంతో మా తెలుగు రాష్ట్రాల్లో 25 కిలోల బియ్యం బస్తా చాలా కొట్లలో 26 కిలోల బస్తా అయి కూర్చుంది. ఆ ఒక్క కిలో ఎక్కువైనందుకు పన్ను లేదు. బస్తా ధర చూసి బేరమాడేవాళ్ళు ఒక కొట్లో 25 కిలోలదీ, ఇంకో కొట్లో 26 కిలోలదీ పోల్చి మోసపోతుంటారు. కిలోకు ఎంత పడుతుందో అడిగితే చిక్కు విడిపోతుంది. విడిగా తూచి ఇచ్చే పప్పుకూ ఈ పన్ను లేదు. అందుకే రాళ్ళూ పుల్లలూ లేకుండా శుభ్రం చేసి అమ్మే మంచి కొట్టు దగ్గర్లో ఉంటే, కందిపప్పు, మినపప్పు విడిగా తెచ్చుకోవడమే లాభం.

మా వైపు ఇళ్ళలో ఇంకో పాత అలవాటు ఉంది, ఏడాది సరుకు ఒకేసారి కొని పెట్టుకోవడం. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఎండుమిరపకాయలు, మా పక్కనే ఉన్న దుగ్గిరాల పసుపు యార్డు కళకళలాడే రోజుల్లో పసుపు కొమ్ములు, కొత్త చింతపండు వచ్చినప్పుడు చింతపండు. మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లులో కారం ఆడిస్తే ఏడాదంతా ప్యాకెట్ కారం మొహం చూడనక్కర్లేదు. ఇక్కడా కిలో లెక్కే ముఖ్యం. కాయల ధర ఒక్కటే చూడకూడదు. తొడిమలకూ ఎండకూ పోయే తరుగు, మిల్లు కూలి కలిపి, చేతికొచ్చిన కారం తూచి భాగిస్తే అసలు కిలో ఎంత పడిందో తేలుతుంది. కొన్నేళ్ళు పంట దెబ్బతిని కాయల ధర మండిపోయినప్పుడు ప్యాకెట్ కారమే చవకని తేలుతుంది కూడా. అప్పుడు ప్యాకెట్టే కొంటాం. పాత అలవాటు కదా అని గుడ్డిగా పట్టుకు వేలాడితే అది పొదుపు అనిపించుకోదు. కంది, పెసలు లాంటివి నిలవ పెట్టేవాళ్ళు కాస్త ఆముదం పట్టించి ఎండబెట్టి డబ్బాకెత్తుతారు. పురుగు పడితే ఆదా చేసిందంతా చెత్తబుట్టలోకి పోతుంది మరి.

తూచే దగ్గర కూడా ఇలాంటి చిన్న కనికట్లు ఉంటాయి. స్వీటు షాపులో అట్టపెట్టెతో సహా కాటా మీద పెట్టడం మీకు తెలియని సంగతి కాదు. కిలో 600 రూపాయల మైసూర్‌పాక్‌లో 80 గ్రాముల పెట్టె కూడా తూగితే అట్టకు 48 రూపాయలు ఇచ్చినట్టు. పెట్టె తీసి సున్నా చేసి తూచమని అడిగితే అక్కడివాళ్ళు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి. వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది. తెచ్చిన అబ్బాయిని తూచి ఇమ్మని అడగడం మన హక్కు. తేడా వస్తే మీ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు తెలుగులోనే ఫిర్యాదు చెయ్యొచ్చన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

కొత్తగా వచ్చిపడిన ఖర్చు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు పప్పు అయిపోయిందనుకోండి. పావుకిలో కందిపప్పు 45 రూపాయలు, కిలో 180 లెక్కన సరైన ధరే. బిల్లు దగ్గరికి వెళ్ళేసరికి డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరు రుసుము పేర్లతో ఇంకో 30 చేరుతుంది. 75 రూపాయలకు పావుకిలో అంటే కిలో 300 పడ్డట్టు. బజారుకు నడిచివెళ్తే పదిహేను నిమిషాలు. కాళ్ళు నొప్పులున్నవాళ్ళకూ, పసిపిల్లల తల్లులకూ ఆ యాప్‌లు మేలే చేస్తాయి, కాదనను. మిగిలినవాళ్ళు వారానికి ఒక్కసారే ఆర్డరు పెట్టుకుని, గుర్తొచ్చిన వస్తువులన్నీ అప్పటిదాకా బుట్టలో వేసి ఉంచితే, ఆ రోజుకు సగం వస్తువులు అక్కర్లేదని వాళ్ళకే తెలిసిపోతుంది. 2023 నవంబరు 30న మీ పరిధిలోని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయ ఎత్తులను గుర్తించి నిషేధించింది. బుట్టలోకి అడగని వస్తువు దూర్చడం, చివరి మెట్టు దాకా అసలు ధర దాచడం అందులో ఉన్నాయి. ఆ జాబితా తెచ్చినందుకు ధన్యవాదాలు. రుసుములన్నీ కలిపాక సరుకు కిలో ఎంత పడిందో బిల్లు మీద చూపించమని కూడా చెబితే ఆ నిషేధానికి కోరలొస్తాయి.

కిలో ధర పెద్ద అక్షరాల్లో చూపడం జరిగే పనేనా అంటారా? మా దగ్గర పాతికేళ్ళకు పైగా జరుగుతోంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి ప్రతి ఉదయం గేటు దగ్గర బోర్డు మీద వంకాయలు కిలో ఇంత, బెండకాయలు కిలో ఇంత అని రాసి పెడుతున్నారు. దూరం నుంచే కనబడుతుంది. లోపల ఏ బల్ల దగ్గరికెళ్ళినా బేరం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. ఎదురుగా ఆ అంకె ఉన్నందువల్ల కూలి చేసుకునే మనిషి కూడా ధైర్యంగా ‘బోర్డు మీద ఇరవై అని ఉంది, పాతిక అంటావేంటి?’ అని అడగగలుగుతుంది. సుద్దముక్కతో సాధ్యమైన పని కోట్లు పెట్టి ప్యాకింగ్ చేయించుకునే కంపెనీలకు అసాధ్యమెలా అవుతుంది?

విదేశాల్లోనూ ఇది కొత్త కాదు. ఆస్ట్రేలియాలో 2009 నుంచి పెద్ద సూపర్ మార్కెట్లు అరల మీదే, ధర దగ్గరే, వంద గ్రాములకో కిలోకో ఎంత పడుతుందో చూపించాలి. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా బంధువులమ్మాయి అక్కడికెళ్ళిన కొత్తలో ఏ బ్రాండు మంచిదో తెలియకపోయినా, ఆ అంకె చూసి సరుకులు కొనేదాన్నని చెప్పింది. యూరప్ దేశాలు 1998 నాటి ఆదేశంతో కిలో, లీటరు ధర చూపడం నియమంగా పెట్టుకున్నాయి. 

ప్యాకెట్ మీద చోటు లేదని కంపెనీలు అంటాయని తెలుసు. 0.18 రాయడానికి ఎన్ని అంకెలు కావాలో 184 రాయడానికీ అన్నే కావాలి. ముద్రణ ఖర్చు పెరుగుతుందంటారు. ఎంఆర్‌పీ కొట్టే యంత్రమే దీన్నీ కొడుతోంది, లెక్క మార్చితే చాలు. జనం ఇవన్నీ చూడరంటారు. కనబడని చోట పెట్టి చూడరనడం ఏం మాట? ‘జాగో గ్రాహక్ జాగో’ అని మీరు ఏళ్ళుగా మమ్మల్ని మేలుకోమంటున్నారు. మేలుకునే ఉన్నామండీ. అక్షరాలే కనబడటం లేదు.

అందుకని నా విన్నపాలు ఇవి. ఒకటి, ప్యాకెట్ ఎంత చిన్నదైనా పెద్దదైనా యూనిట్ ధర కిలోకో, లీటరుకో మాత్రమే వెయ్యాలి. గ్రాము ధర, మిల్లీలీటరు ధర పూర్తిగా ఎత్తెయ్యాలి. రెండు, అది ఎంఆర్‌పీ పక్కనే, ఎంఆర్‌పీ అంత పెద్ద అంకెల్లో, ప్యాకెట్ ముందువైపు ఉండాలి. ప్యాకెట్ల మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలని మీ నిబంధన. భాష సంగతి తర్వాత చూద్దాం, అంకె పెద్దగా ఉంటే అక్షరం రానివాళ్ళకు కూడా ధర అర్థమవుతుంది. మూడు, పది గ్రాముల లోపు పొట్లాలకు ఉన్న మినహాయింపు ధర విషయంలోనైనా తీసెయ్యాలి. నాలుగు, పెద్ద దుకాణాల అరల మీద, యాప్‌లలో ప్రతి సరుకు పక్కన కిలో ధర కనబడాలి, ఆ ధర వరసలో సరుకుల్ని పేర్చి చూసుకునే వీలుండాలి. ఐదు, వంటనూనె వరకైనా పాత తూకాలు తిరిగి తేవాలి. అది ప్రతి ఇంటి పొయ్యి దగ్గరా ఉండే సరుకు, తూకాల గందరగోళం ఎక్కువ ఉన్నదీ దాని దగ్గరే.

వీటిలో దేనికీ పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్‌లో కేటాయింపు అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టమే సరుకు తూకం, నాణ్యత, ధర తెలుసుకునే హక్కు మాకిచ్చింది. 2021లో షెడ్యూలు ఎత్తేసింది నిబంధనల సవరణతోనే. దీన్నీ అలాగే చెయ్యొచ్చు. మళ్ళీ ముసాయిదా తయారుచేసి ప్రజాభిప్రాయం అడిగే రోజు వస్తే, కంపెనీల సంఘాల నుంచి మీకు దొంతరలకొద్దీ కాగితాలు వస్తాయి. నెల సరుకులు తెచ్చుకునేవాళ్ళ వైపు నుంచి మొదటి అభిప్రాయంగా ఈ ఉత్తరాన్ని ఆ ఫైల్లో పెట్టించండి.

ఇట్లు,
ఒక ఇల్లాలు,
తెనాలి.